తిశ్రం దరువు, నాలుగు గడుల గ్రిడ్: ఒక డప్పు ప్యాటర్న్ రికార్డింగ్ కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసులో ఇద్దరున్నారు. ఒకరు చెన్నైలో సొంత ఖర్చుతో తెలుగు పాటలు చేసుకుంటున్న యువ స్వరకర్త. మరొకరు ఉత్తరాంధ్రలో చిన్నప్పటి నుంచి డప్పు వాయించి, తర్వాత చెన్నై చేరి ఆర్కెస్ట్రాల్లో ఆక్టాప్యాడ్ (పుల్లలతో కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్ల వాద్యం) వాయిస్తున్న నడివయసు వాద్యకారుడు. వారిని గుర్తుపట్టగల వివరాలన్నీ తీసివేశాను, పాటకు సంబంధించిన కొన్ని సంగతులు మార్చాను. కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం చుట్టుపక్కల ఉన్న చిన్న స్టూడియోలకు రిథమ్ ప్రోగ్రామింగ్, ఎడిటింగ్ చేసిపెట్టడం నా వృత్తి.

అది గ్రామదేవత జాతర మీద రాసిన పాట, నిమిషానికి 100 బీట్ల వేగం. అసలు డప్పునే మైకు ముందు వాయించవచ్చు కదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. చెన్నై గాలిలోని తేమకు తోలు త్వరగా వదులవుతుంది, మాటిమాటికి మంట దగ్గర కాచుకోవాలి. అపార్ట్‌మెంటులోని ఒక గదిని స్టూడియోగా మార్చుకున్నవారికి అది కుదరదు, కుదిరినా ఆ చప్పుడుకు పక్కింటివారు ఊరుకోరు. అందువల్ల స్వరకర్త ఊరిలో రికార్డు చేసి తెచ్చుకున్న డప్పు శబ్దాలను సాంప్లర్‌లో (రికార్డు చేసిన శబ్దాలను నోట్ల ఆదేశం మీద పలికించే సాధనంలో) పెట్టి, వాద్యకారుడు ఆక్టాప్యాడ్ మీద పుల్లలతో వాయిస్తే ఆ దెబ్బలు మిడి నోట్లుగా (శబ్దంగా కాకుండా, ఏ దెబ్బ ఎప్పుడు, ఎంత గట్టిగా పడిందో చెప్పే సందేశాలుగా) రికార్డయ్యేలా ఏర్పాటు చేసుకున్నారు. సిర్ర (లావు పుల్ల) దెబ్బకు ఒక ప్యాడ్, సిటికెన పుల్ల (సన్నని పుల్ల) దెబ్బకు ఇంకొకటి, అంచు మీద కొట్టే దెబ్బకు మరొకటి కేటాయించారు. ఆ ఏర్పాటులో తప్పేమీ లేదు.

నా దగ్గరకు వచ్చిన సమస్య

స్వరకర్త సెషన్ ఫైలు తెచ్చి మూడు ఫిర్యాదులు చెప్పారు. మాస్టారు, అంటే వాద్యకారుడు, క్లిక్ (బీటును వినిపించే టిక్ శబ్దం) మీద నిలబడటం లేదు, నోట్లన్నీ తెర మీద బీటును విభజించే గ్రిడ్ గీతల కంటే ముందే పడుతున్నాయి. ప్యాడ్ ఒక్క దెబ్బకు రెండు నోట్లు పంపుతోంది. క్వాంటైజ్ చేస్తే, అంటే నోట్లను దగ్గరి గ్రిడ్ గీత మీదికి జరిపితే, దరువు కుంటుతోంది, చేయకపోతే చిందరవందరగా ఉంది. కేబుల్ మీద అనుమానంతో కొత్తది కొనే ఆలోచనలో కూడా ఉన్నారు.

వాద్యకారుడి మాట వేరు. "వాయించేటప్పుడు బాగానే ఉంది బాబూ. ఇప్పుడు మీరు వినిపిస్తున్నది నేను కొట్టింది కాదు" అన్నారు. ఇలాంటి సందర్భాల్లో వాయించినవారి మాటను నేను ఒక సాక్ష్యంగా తీసుకుంటాను. వాయించేటప్పుడు బాగుండి, తిరిగి వినిపించినప్పుడు చెడిందంటే, చేతికీ స్పీకరుకూ మధ్య ఎక్కడో ఏదో మారిందని అర్థం. అందుకని మొదట ఎవరూ ముట్టుకోని అసలు టేక్ (వాయించినప్పటి రికార్డింగ్) కావాలని అడిగాను. స్వరకర్త జాగ్రత్తపరుడు, దానిని మ్యూట్ చేసిన ట్రాకులో దాచి ఉంచారు. అది లేకపోతే ఈ కేసులో చాలా భాగం ఊహగానంగానే మిగిలిపోయేది.

కేబుల్ సంగతి ముందే తేల్చాను. అయిదు పిన్నుల మిడి కేబుల్ సెకనుకు 31,250 బిట్ల వేగంతో పనిచేస్తుంది. ఒక నోట్ సందేశం మూడు బైట్లు, ఒక్కో బైటుకు ముందువెనుకల బిట్లతో కలిపి పది బిట్లు, మొత్తం ముప్పై బిట్లు. అంటే ఒక దెబ్బ ప్రయాణానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. పైగా కేబుల్ వల్ల నోటు ఆలస్యమవుతుందే కానీ ముందుకు రాదు. ఇక్కడ నోట్లు ముందుగా పడుతున్నాయి.

అప్పటికే చేసి చూసినవి

స్వరకర్త మొదట పదహారో నోటు గ్రిడ్‌కు (బీటుకు నాలుగు గీతలు) పూర్తిగా క్వాంటైజ్ చేశారు. సెషన్ నాలుగు బై నాలుగులో (ఒక బారుకు, అంటే ఒక తాళ ఆవృత్తానికి, నాలుగు బీట్లు) ఉంది, సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించే గ్రిడ్ కూడా అదే, కాబట్టి ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ దరువు తిశ్ర నడకలో ఉంది, ఒక్కో బీటుకు తకిట అని మూడు దెబ్బలు. 100 బీట్ల వేగంలో బీటు నిడివి 600 మిల్లీసెకన్లు, తిశ్రంలో దెబ్బలు 0, 200, 400 దగ్గర పడాలి. పదహారో నోటు గీతలు మాత్రం 0, 150, 300, 450 దగ్గర ఉంటాయి. 200 దగ్గరి దెబ్బకు దగ్గరలో ఉన్న గీత 150, 400 దగ్గరి దెబ్బకు 450. క్వాంటైజ్ తన పని తాను నిజాయితీగానే చేసి రెండో దెబ్బను ముందుకు, మూడో దెబ్బను వెనక్కు లాగింది. సమానంగా ఉండవలసిన మూడు ఎడాలు 150, 300, 150గా మారాయి. స్వరకర్తకు కుంటుగా వినిపించింది ఇదే.

తర్వాత క్వాంటైజ్ బలాన్ని సగానికి పైగా తగ్గించి చూశారు. తప్పు దిశలో తక్కువ దూరం లాగితే కుంటు తగ్గుతుంది కానీ పోదు, పైగా ఇంకెక్కడా లేని ఒక మసక వస్తుంది. ఆ పైన 66 శాతం స్వింగ్ పెట్టారు. ఎనిమిదో నోట్ల (బీటుకు రెండు) మీద ఆ స్వింగ్ వేస్తే సగం బీటు దగ్గరి దెబ్బ జరిగి తిశ్రంలోని మూడో దెబ్బ స్థానానికి దాదాపుగా చేరుతుంది, కానీ నడిమి దెబ్బకు అక్కడ చోటే ఉండదు. స్వింగ్ ఉద్దేశం రెండు దెబ్బల మధ్య హెచ్చుతగ్గులు తేవడం. 1980లో వచ్చిన లిన్ ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్‌లో మొదలై ఇప్పటి సాఫ్ట్‌వేర్ల దాకా దాని పని అదే, మూడు దెబ్బల నడకను అది ఇవ్వలేదు.

చివరికి టేక్ పక్కనపెట్టి మౌస్‌తో ప్యాటర్న్ అంతా గీశారు, ఈసారి సరైన తిశ్రం గ్రిడ్ మీదే, అన్ని నోట్లూ ఒకే వెలాసిటీతో (దెబ్బ గట్టితనాన్ని చెప్పే అంకె). జీవం లేదనిపించి హ్యూమనైజ్ ఆప్షన్‌తో నోట్లను యాదృచ్ఛికంగా పది మిల్లీసెకన్ల వరకు అటూ ఇటూ కదిపారు. అది విన్నప్పుడు వాయించడం సరిగా రానివారు వాయించినట్టుంది. అలా ఎందుకుందో నాకు అప్పటికి తెలియదు, అసలు టేక్ కొలిచాకే అర్థమైంది.

కొలత

అసలు టేక్‌ను ఈవెంట్ లిస్టులో (ప్రతి నోటు సమయాన్ని అంకెల్లో చూపే జాబితాలో) తెరిచి, ప్రతి దెబ్బ తన తిశ్రం స్థానానికి ఎంత ముందో, ఎంత వెనకో రాసుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో బీటుకు 960 టిక్కులు, 100 బీట్ల వేగంలో ఒక టిక్కు 0.625 మిల్లీసెకన్లు. తిశ్రం స్థానాలు 0, 320, 640. ఇది విసుగు పుట్టించే పనే, కానీ చెవితో విని "కాస్త వెనక్కు ఉంది" అనుకుంటూ నోట్లు జరపడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియదు.

అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే అందులో మూడు రకాల తేడాలు కలగలిసి ఉన్నాయి. మొదటిది అన్ని దెబ్బలకూ ఉమ్మడిగా ఉన్న స్థిరమైన తేడా. పాటలో ఎక్కువ భాగం దెబ్బలన్నీ దాదాపు 32 టిక్కులు, అంటే 20 మిల్లీసెకన్లు ముందున్నాయి. రెండోది చాలా బార్లలో అదే చోట, అదే దిశలో తిరిగి వచ్చే తేడా, సిటికెన పుల్లతో కొట్టే నడిమి దెబ్బ మిగతావాటితో పోలిస్తే వెనకబడటం. మూడోది ఏ పద్ధతీ లేని తేడా, అక్కడక్కడ ఒక్కో దెబ్బ అటో ఇటో జారిపోవడం. వీటిలో మొదటిది యంత్రం నుంచి, రెండోది వాద్యకారుడి శైలి నుంచి, మూడోది పొరపాటు నుంచి వస్తుందని నా అంచనా. క్వాంటైజ్‌కు ఈ మూడింటి మధ్య తేడా తెలియదు, మూడింటినీ ఒకేసారి చెరిపేస్తుంది. యాదృచ్ఛిక హ్యూమనైజ్ చేసేది మూడో రకాన్ని తెచ్చి కలపడమే. ఈ వాద్యకారుడు బీటు మీది మొదటి దెబ్బను ఎప్పుడూ కదపరు. హ్యూమనైజ్ దానిని కూడా కదిపింది.

స్థిరమైన తేడా ఎక్కడిది

నోట్లన్నీ ఒకే మోతాదులో ముందుగా పడితే వాద్యకారుడు తొందరపడ్డారని అనుకోవడం తేలిక. కానీ తొందరపడేవారి తేడా పాట సాగే కొద్దీ మారుతుంది, ఇది మారలేదు. ఆడియో సెట్టింగులు చూస్తే బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారికి పోగుచేసి పలికించే ఆడియో మోతాదు) 1024 సాంపుల్స్ దగ్గర ఉంది. స్వరకర్త అంతకుముందు మిక్సింగ్ చేస్తూ పెంచి అలాగే వదిలేశారు. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 1024 సాంపుల్స్ అంటే 23 మిల్లీసెకన్లు. ప్యాడ్ మీద కొట్టిన దెబ్బ సాంప్లర్ ద్వారా హెడ్‌ఫోన్‌లోకి రావడానికి కనీసం అంత ఆలస్యం. వాద్యకారుడు తనకు తెలియకుండానే శబ్దం క్లిక్ మీద పడేలా చేతిని ముందుకు జరుపుకున్నారు. చెవికి సరిగ్గా ఉంది, తెర మీద ముందుంది. ఆయన చెప్పిందీ, స్వరకర్త చెప్పిందీ రెండూ నిజమే.

అలాంటప్పుడు ట్రాక్ మొత్తాన్ని 20 మిల్లీసెకన్లు వెనక్కు జరిపితే సరిపోదా? ఆలోచించి వద్దనుకున్నాను, ఎందుకంటే దెబ్బలు దట్టంగా ఉన్న చరణాల్లో ఆ తేడా 8 టిక్కులకు పడిపోయింది. రెండు చేతులూ తెరిపి లేకుండా ఉన్నప్పుడు ఆయన హెడ్‌ఫోన్‌ను వదిలి ప్యాడ్ మీద పుల్ల చేసే టకటకనే వింటున్నారని అనిపించింది. ఒకే అంకెతో జరిపితే పల్లవి సర్దుకుని చరణం చెడుతుంది.

ఇంకో ఆలస్యం సాంప్లర్‌లో పెట్టిన డప్పు శబ్దాల ఫైళ్ళలోనే (వీటినీ సాంపుల్స్ అనే అంటారు) ఉంది. సిర్ర శబ్దం ఫైలు మొదట్లో దాదాపు పది మిల్లీసెకన్ల ఖాళీ ఉంది, కత్తిరించేటప్పుడు వదిలేసిన నిశ్శబ్దం. సిటికెన పుల్ల శబ్దంలో అది లేదు. అంటే తెర మీద రెండు నోట్లు ఒకే గీత మీద ఉన్నా చెవికి సిర్ర వెనక పడుతుంది. గ్రిడ్ చూసి పని చేసేవారికి ఇది ఎన్నటికీ కనిపించదు. వేవ్‌ఫామ్‌ను పెద్దది చేసి చూడాలి.

ఇక నడిమి దెబ్బ. ఉమ్మడి తేడా తీసేసి లెక్కిస్తే అది కొన్ని బార్లలో 345 టిక్కుల దగ్గర, కొన్నింటిలో 290 దగ్గర పడింది. కారణం క్లిక్‌తో పాటు పెట్టిన గైడ్ లూప్. స్వరకర్త తోడుగా ఉంటుందని ఒక హై-హ్యాట్ లూప్ వేశారు, అది బీటుకు నాలుగు దెబ్బల చతురశ్రం. చెవిలో 240 దగ్గర హై-హ్యాట్ మోగుతుంటే, చేతిలో 320 దాటాక పడాల్సిన దెబ్బ అటువైపు జారడంలో ఆశ్చర్యం లేదు.

డబుల్ నోట్లు, తీసేసిన నోట్లు

డబుల్ నోట్ల బెడద పోగొట్టడానికి స్వరకర్త వెలాసిటీ 30 కంటే తక్కువ ఉన్న నోట్లన్నీ ఒక్కసారిగా తీసేశారు. ఎలుకల బాధకు ఇంటికి నిప్పు పెట్టినట్టయింది. సిటికెన పుల్లతో సందుల్లో నింపే చిన్న దెబ్బలు కూడా ఆ వెలాసిటీలోనే ఉంటాయి, దరువుకు ఊపిరి అవే. బరువు దెబ్బలు మాత్రం మిగిలి, పాట నడక మానేసి అడుగులు వేస్తున్నట్టయింది.

ఈ రెంటినీ వెలాసిటీతో కాకుండా ఎడంతో వేరు చేయవచ్చు. ప్యాడ్ పొరపాటున పంపే నోటు గట్టి దెబ్బ తర్వాత 25 నుంచి 35 మిల్లీసెకన్లలోపే వస్తుంది, అదే ప్యాడ్ నుంచో, ఒకే చట్రం మీద ఉన్న పక్క ప్యాడ్ నుంచో. మనిషి నింపే దెబ్బకు తన సొంత చోటు ఉంటుంది, ఇక్కడ అది ముందు దెబ్బకు కనీసం వంద మిల్లీసెకన్ల దూరం. క్వాంటైజ్ చేయకముందు ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. చేశాక రెండు నోట్లూ ఒకే గీత మీద చేరి, ఒకే సాంపుల్ రెండుసార్లు మోగి, కొన్ని దెబ్బలు కారణం లేకుండా పెద్దవవుతాయి. కాబట్టి శుభ్రం చేయడం ఎప్పుడూ క్వాంటైజ్ కంటే ముందు జరగాలి.

మళ్ళీ రికార్డింగ్

ఉన్న టేక్‌ను సరిదిద్దడమా, మళ్ళీ వాయించడమా అనేది తర్వాతి నిర్ణయం. స్థిరమైన తేడా పల్లవిలో ఒకలా, చరణంలో ఒకలా ఉండటం, నడిమి దెబ్బ గైడ్ వల్ల చెదరడం చూశాక, ఎంత ఎడిట్ చేసినా ఆయన శైలి ఏదో, ఇబ్బంది ఏదో విడదీయలేమని తేలింది. మళ్ళీ వాయించమని అడిగాం. ఆయన సంతోషంగానే ఒప్పుకున్నారు.

దానికి ముందు సిర్ర సాంపుల్ మొదట్లోని ఖాళీ కత్తిరించాం, లేకపోతే ఆయన చేయి మళ్ళీ దానికి సర్దుకుంటుంది. బఫర్ 128కి దించాం, అది 3 మిల్లీసెకన్ల కంటే తక్కువ. కంప్యూటర్ తట్టుకోవడానికి గాత్రం మీది ప్లగిన్లను, ముఖ్యంగా మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాక్) మీద ముందుచూపుతో పనిచేసే లిమిటర్‌ను (శబ్దం హద్దు దాటకుండా ఆపే ప్లగిన్) ఆపేశాం. అలాంటి లిమిటర్ ఉంటే బఫర్ ఎంత తగ్గించినా దాని ఆలస్యం మిగులుతుంది. ప్యాడ్ సెట్టింగుల్లో థ్రెషోల్డ్ (ఎంత చిన్న దెబ్బ వరకు లెక్కలోకి తీసుకోవాలో), క్రాస్‌టాక్ (పక్క ప్యాడ్ అదురును ఎంత వదిలేయాలో) సరిచేశాం. సిర్ర దెబ్బలన్నీ 127 దగ్గరే ఆగిపోతున్నాయి కనుక వెలాసిటీ కర్వ్ మార్చి, ఆయన అతి గట్టి దెబ్బ 120 లోపు పడేలా చూశాం. పై హద్దుకు తగిలిన దెబ్బలన్నీ ఒకే సాంపుల్‌ను ఒకే బిగ్గరతనంతో పలికిస్తాయి, మర తుపాకీ చప్పుడులా వినిపించేది అందువల్లే.

గైడ్ విషయంలో కొంచెం చర్చ జరిగింది. చతురశ్రం హై-హ్యాట్ తీసి బీటుకు మూడు సమాన దెబ్బల తాళాలు వేద్దామని స్వరకర్త అన్నారు. నేను ఒప్పుకోలేదు. సమానమైన మూడు దెబ్బలు చెవిలో మోగితే ఆయన నడిమి దెబ్బ సమానం వైపే జరుగుతుంది, మనం వెతుకుతున్నదే పోతుంది. బీటు మీద మాత్రమే మోగే క్లిక్, దానితో స్వరకర్త కచ్చాగా పాడిన గాత్రం, ఇంతే ఇచ్చాం.

సెషన్‌ను పన్నెండు బై ఎనిమిదికి (బీటుకు మూడు ఎనిమిదో నోట్లు) మార్చాలా అనేదీ చూశాం. అలా చేస్తే గీతలు చక్కగా తిశ్రంలో కనిపిస్తాయి. కానీ ఆ సాఫ్ట్‌వేర్ వేగాన్ని క్వార్టర్ నోట్లలో లెక్కిస్తుంది, మనం తాళం వేసే బీటు అప్పుడు ఒకటిన్నర క్వార్టర్ అవుతుంది, కనుక 100ను 150గా రాయాలి. అప్పటికే గాత్రం, కీబోర్డు బార్లకు కట్టి ఉన్నాయి, అవన్నీ కదిలే ప్రమాదం ఉంది. నాలుగు బై నాలుగులోనే ఉండి గ్రిడ్‌ను మాత్రం ట్రిప్లెట్‌కు (బీటుకు మూడు గీతలు) మార్చుకున్నాం. కొత్తగా మొదలుపెట్టే పాటైతే నేను పన్నెండు బై ఎనిమిదే ఎంచుకుంటాను.

ఫలితం

కొత్త టేక్‌లో ఉమ్మడి తేడా దాదాపు మాయమైంది. మిగిలినది ఆయన చేతి నడక. బీటు మీది దెబ్బ గీత మీదే ఉంది. నడిమి దెబ్బ 344 టిక్కుల చుట్టూ, అంటే సమానానికి 15 మిల్లీసెకన్లు వెనక. మూడో దెబ్బ కొద్దిగా ముందు, 632 దగ్గర, తర్వాతి బీటు మీదికి వాలుతున్నట్టు. నాలుగో బీటులో మాత్రం నడిమి దెబ్బ తన సమాన స్థానానికి వచ్చేస్తుంది, అక్కడ బారు మలుపు తిరుగుతుంది. బారు తర్వాత బారు ఇదే. దీనిని పొరపాటు అనడానికి వీల్లేదు.

అయినా పోల్చి చూడటం అవసరమని ఒక నకలును ట్రిప్లెట్ గ్రిడ్‌కు పూర్తిగా క్వాంటైజ్ చేసి వినిపించాను. సరైన గ్రిడ్ కాబట్టి కుంటు లేదు, లెక్క తప్పలేదు. కానీ ఊరేగింపు నిలబడిపోయింది. ఆ 15 మిల్లీసెకన్ల విలువ మాటల్లో వివరించడం కంటే ఇలా రెండూ పక్కపక్కన వినిపించడం మేలు. స్వరకర్త మళ్ళీ గ్రిడ్ మాట ఎత్తలేదు.

ఎడిటింగ్‌కు ఒక నియమం పెట్టుకున్నాను. దెబ్బను గ్రిడ్‌తో కాకుండా ఆయన సొంత సగటుతో పోల్చాలి, దానికి 25 టిక్కులకు మించి దూరమైతేనే ముట్టుకోవాలి, అప్పుడు కూడా ఆ సగటు వైపు సగం దూరమే జరపాలి. హద్దు దాటిన దెబ్బలను జరిపేముందు ఒక్కొక్కటీ ఆయనకు వినిపించాం. వాటిలో కొన్ని కావాలనే కొట్టినవని, చరణం ఎత్తుకునే ముందు గాయకుడికి ఇచ్చే సైగలని చెప్పారు. అవి ఉన్నచోటే ఉన్నాయి.

మిగతా వాద్యాల కోసం మంచి బార్లు ఎనిమిది ఎంచి, దెబ్బల స్థానాల సగటుతో ఒక బారు తయారుచేసి, దానిని గ్రూవ్ టెంప్లేట్‌గా (అవే తేడాలను ఇతర ట్రాకులకు వేసే నమూనాగా) మార్చాను. లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ పేరుతోనే ఉంటుంది, ఎబుల్‌టన్ లైవ్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో అదే పని గ్రూవ్ పూల్ చేస్తుంది. షేకర్‌కు దానిని 60 శాతమే వేశాను, చప్పట్లకు అసలు వేయలేదు. అన్నీ ఒకే మోతాదులో వెనకబడితే ఏదీ వెనకబడినట్టు వినిపించదు. నడిమి దెబ్బ ఆలస్యం తెలియాలంటే పక్కన ఏదో ఒకటి నిటారుగా నిలబడి ఉండాలి.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

పని ఒప్పుకునే ముందు ముట్టుకోని టేక్, రికార్డింగ్ నాటి బఫర్ అంకె, హెడ్‌ఫోన్‌లో వినిపించిన గైడ్, ఈ మూడూ అడుగుతున్నాను. మూడోది చాలామంది దాచుకోరు, ఎక్కువ సమాచారం దానిలోనే ఉంటుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో వాయించిన టేక్ అయితే కొలవడం కూడా మొదలుపెట్టను, ఆ ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలే.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఇందులో టెంపో స్థిరంగా ఉంది కనుక తేడాలను గీతల నుంచి కొలవగలిగాం. అదే వాద్యకారుడు అదే ఆల్బమ్‌లోని మరో పాటను క్లిక్ లేకుండా, గాయకుడి ముఖం చూస్తూ వాయించారు. అందులో వేగం కూడా పాటతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, 100 దగ్గర మొదలై చివరికి 108 దాకా పోతుంది. అక్కడ నోట్లు వేటినీ కదపలేదు. ప్రతి బారు మొదటి సిర్ర దెబ్బ దగ్గర ఒక టెంపో గుర్తు పెట్టి, గీతలనే ఆయన చేతి వెనక నడిపించి, షేకర్‌నూ చప్పట్లనూ ఆ టెంపో మ్యాప్ మీద తర్వాత చేర్చాం.